ఆదివారపు దారి

పరిశోధన కేంద్రం, కొండ కింద
జూన్ 9

అక్కా,

క్షేమంగా చేరాను. బస్సు దిగాక జీపులో గంటన్నర. జీపు డ్రైవరు దారంతా మాట్లాడాడు, నేను దారంతా తలూపాను. దిగేటప్పుడు "మీకు మెడ నొప్పా అమ్మా?" అని అడిగాడు.

గది చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, కొండవైపు ఒక కిటికీ. ఫోను పలకదు. జీపు వారానికి రెండుసార్లు ఉత్తరాలు తెస్తుంది, తీసుకుపోతుంది. కాబట్టి ఇక నీకు నా చేతిరాతే గతి.

ఏం పని అని అడిగావు. మొక్కలు లెక్కపెట్టడం. నవ్వకు. ఇక్కడ నల్లబెరడు చెట్లు అని ఉన్నాయి. ముగ్గురు చేతులు కలిపితే గాని అందని మానులు. కింది అడవి నిండా అవే. తలెత్తి చూస్తే అడవికి ఏ లోటూ లేదనిపిస్తుంది. తల దించి చూస్తే పిల్లచెట్టు ఒక్కటి ఉండదు. గింజలు రాలతాయి, మొలుస్తాయి, చెట్టు కింద చాప పరిచినట్టు మొలకలు లేస్తాయి. మూడు వారాలకి మట్టిని ఆనుకున్న చోట కాండం తడిసిన దారంలా అయిపోయి మొక్క పక్కకి ఒరుగుతుంది. ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి, తమకి ఇంకా ఎవరూ చెప్పనట్టు.

జబ్బు మట్టిలో ఉంది. నారుకుళ్ళు అంటారు. కంటికి కనిపించని బూజు. తడి ఉంటే చాలు, నీళ్ళలో ఈదుకుంటూ వేరు వెతుక్కుంటుంది. పెద్ద చెట్లు దాన్ని ఓర్చుకుంటాయి. వాటి వేళ్ళ చుట్టూనే అది ఏళ్ళ తరబడి పెరుగుతుంది. మొలకలు ఓర్చుకోలేవు. ఈ పెద్ద చెట్లు పడిపోయిన రోజున వాటి చోట నిలబడటానికి ఎవరూ ఉండరు.

కొండ మీద ఒక తోపు ఉంది. పై తోపు అంటారు. ఆ మట్టికి ఇంకా జబ్బు సోకలేదు. పిల్లచెట్లు అక్కడ మాత్రమే ఉన్నాయి, మోకాలెత్తువి, నడుమెత్తువి, మనిషెత్తువి. అందుకే అక్కడికి పోయేవాళ్ళు గేటు దగ్గర బూట్ల మట్టి బ్రష్షుతో గీకి, మందునీళ్ళ తొట్టిలో నిలబడి, రిజిస్టరులో సంతకం పెట్టి మరీ పోవాలి. చెంచాడు మట్టి చాలట, తోపంతా పోవడానికి.

గేటు కాసే ఆయన్ని అందరూ బాబాయి అంటారు. మందునీళ్ళకి ఆయన చేతులు పగిలిపోయి ఉంటాయి. నా బూట్లు చూసి "ఇవి నీవేనా అమ్మాయీ, నడిచి వస్తుంటే దారిలో తగిలాయా?" అన్నాడు. ఒక సైజు పెద్దవి. ఇక్కడ ఉన్నవి అవే.

పెద్దసారు సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఒంటికాలి మీద బరువు వేసి, రెండో కాలు మడిచి మాట్లాడతాడు. మనసులో కొంగ అని పేరు పెట్టుకున్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పను.

నీ
పిల్లి

*

ప్రెస్సు వీధి, మేడమీది గది
జూన్ 20

పిల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి అక్కగా, ఒకసారి అలవాటుకొద్దీ ఎర్రపెన్ను పట్టుకుని. రెండు కామాలు తక్కువ, ఒక వాక్యం తక్కువ. గది చిన్నదని రాశావు. అందులో పడుకోవాలంటే భయమేస్తోందని రాయలేదు. పదిహేనేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నదాన్ని. ఉన్న తప్పు ఎవరైనా పట్టుకుంటారు. ఉండాల్సిన వాక్యం లేకపోవడం పట్టుకుంటేనే నాకు జీతం.

అమ్మ పోయాక నిన్ను ఎనిమిదేళ్ళకే కాన్వెంటు బోర్డింగులో పడేసింది నేనే. అక్కడ సిస్టర్లు నీకు ఇంగ్లీషు, కుట్లు, చప్పుడు చెయ్యకుండా నడవడం నేర్పారు. సెలవులకి ఇంటికొస్తే వెనక నిలబడి ఉన్నావని తెలియక రెండుసార్లు పాలగిన్నె ఒలకబోశాను. పిల్లి అని పేరు పెట్టాను గాని, పిల్లి కూడా ఆకలేస్తే అరుస్తుంది. నువ్వు అరవవు. కాబట్టి రాయి. ఏం తోచినా రాయి.

నీ మంచం మీద ప్రూఫులు పరిచాను. ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను. ప్రెస్సులో నా పక్క సీటు కంపోజు మామయ్యకి నీ ఉద్యోగం సంగతి చెప్పాను. "మొక్కలు లెక్కపెట్టడానికి డిగ్రీ దేనికమ్మా, వేళ్ళు చాలవూ?" అన్నాడు. తర్వాత తన టీలో సగం నాకు పోసి, "చిన్నపిల్ల కదా, దిగులు పెట్టుకోకు, వస్తుందిలే" అన్నాడు. దిగులు నాకని ఎలా తెలిసిందో.

అక్క

*

పరిశోధన కేంద్రం
జూలై 20

అక్కా,

భయం సంగతి నిజమే. ఇప్పుడు లేదు. దాని చోట ఇంకోటి వచ్చింది, దానికి పేరు తెలియదు.

మొన్న లెక్క రాసే పుస్తకం పెద్దసారుకి ఇస్తూ "ఇదిగోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వెనక్కి లెక్కేసుకుంటే, నాలుగు రోజులుగా నేను నోరు తెరవలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడాల్సిన అవసరం రాలేదు, అంతే. పొద్దున కింది అడవిలో గజం చట్రం పరిచి అందులో ఎన్ని మొలకలున్నాయో రాయడం, రెండు వారాల తర్వాత అదే చోట ఎన్ని మిగిలాయో రాయడం. నలభై ఒకటి. పన్నెండు. సున్నా.

ఆదివారాలు కష్టం. మిగతావాళ్ళు శనివారం జీపులోనే ఇళ్ళకి పోతారు. గేటు తాళం వేసి ఉంటుంది. బాబాయి తన గదిలో రేడియో పెట్టుకుని పడుకుంటాడు. నేనొక దారి కనిపెట్టాను. నా గది వెనక నుంచి కింది అడవిలో పడి, కాలవ దాటి ఎక్కితే పై తోపు గోడ పడిపోయిన చోట ఒక సందు ఉంది. అక్కడి నుంచి నలభై అడుగుల్లో ఒక వంగిన చెట్టు, దాని అవతల బల్లపరుపు రాయి. ఆ రాయి మీద కూర్చుని నీ ఉత్తరాలు పైకి చదువుతాను, గట్టిగా. అక్కడ వినేవాళ్ళు లేరు కాబట్టి సిగ్గు లేదు. చుట్టూ నా ఎత్తు పిల్లచెట్లు. క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నట్టు ఉంటుంది.

నిన్న వెళ్ళడం ఐదోసారి. శనివారం వాన పడింది. బురదకి ఒక్కో బూటు కిలో బరువుంది. వంగిన చెట్టు వేరుకి మడమలు గీసుకుని గాని నడవలేకపోయాను.

ఇక నుంచి ప్రతి సోమవారం ఒక చీటీ రాస్తాను. ఆదివారం ఎక్కడ కూర్చున్నానో, ఏం చదివానో. నీకు విసుగు పుట్టినా సరే.

నీ
పిల్లి

*

ప్రెస్సు వీధి
ఆగస్టు 14

పిల్లీ,

సోమవారం చీటీలు వరసగా అందుతున్నాయి. బిస్కట్ల డబ్బాలో తేదీల ప్రకారం పెడుతున్నాను. నువ్వు నా ఉత్తరాలు పైకి చదువుతావని తెలిశాక రాయడానికి సిగ్గేస్తోంది. చెట్లకి కూడా నా వంట గోల ఎందుకు?

ఇక్కడ విశేషాలేం లేవు. స్కూలు పుస్తకాల సీజను అయిపోయింది. కంపోజు మామయ్య మానేశాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు కాగితాల కట్టలు పెట్టారు.

రాయి మీద పాకుడు ఉంటుంది, చూసుకుని కూర్చో.

అక్క

*

పరిశోధన కేంద్రం
సెప్టెంబరు 16

అక్కా,

రెండు సోమవారాలు చీటీ రాయలేదు. పని ఎక్కువైంది.

పై తోపులో మొలకలు ఒరిగాయి. మొదట బాబాయే చూశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది ఆయనే. పెద్దసారు అక్కడి మట్టి తెప్పించి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో గట్టి బేరికాయలు తేలేశాడు. జబ్బు ఉంటే నాలుగు రోజుల్లో కాయ మీద గోధుమరంగు మచ్చ వస్తుంది. మూడో రోజుకే వచ్చింది. మచ్చ గట్టిగా, అంచు తీరుగా, ఎవరో గుండ్రంగా గీసినట్టు ఉంది. గదిలో ఆరుగురం ఉన్నాం. సారు రెండు కాయలూ తిప్పి తిప్పి చూసి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నాడు.

ఆ తోపు కోసం ఆయన పన్నెండేళ్ళు పనిచేశాడట. కింది అడవి ఎప్పటికైనా తిరిగి లేవాలంటే గింజ అక్కడి నుంచే రావాలి.

తోపులోకి రోజూ పోయేది బాబాయి ఒక్కడే. పిల్లచెట్లు చూసుకోవాలి కదా. సారు రిజిస్టరు తెప్పించాడు. ప్రతిరోజూ సంతకం ఉంది.

"సంతకం ఉంటే బూటు కడిగినట్టా?" అన్నాడు సారు.

"పంతొమ్మిదేళ్ళు సారూ," అన్నాడు బాబాయి. "నా మొహం కడుక్కోవడం మర్చిపోయిన రోజులున్నాయి. బూటు మర్చిపోయిన రోజు లేదు."

"మరి ఎలా పోయిందయ్యా పైకి? ఎగిరిపోయిందా?"

బాబాయి తన చేతులు చూసుకున్నాడు. ఈ అక్టోబరు ఆఖరుకి ఆయన్ని పనిలోంచి తీసేస్తారని అంటున్నారు. గేటు గది కూడా ఖాళీ చెయ్యాలి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఎక్కడికి పోతాడో ఎవరూ అడగలేదు.

వానలు తగ్గాయి. నా ఆరోగ్యం బాగుంది. నువ్వు పంపిన స్వెట్టరు సరిపోయింది.

నీ
పిల్లి

*

ప్రెస్సు వీధి
సెప్టెంబరు 25

పిల్లీ,

నీ ఉత్తరం టేబుల్ మీద పెట్టుకుని డబ్బాలోంచి పాతవన్నీ తీశాను. జూలై ఇరవైది చదివాను. చీటీలన్నీ చదివాను. తర్వాత మొన్నటిది మళ్ళీ చదివాను.

జబ్బు గురించి రాశావు, కాయల గురించి, సంతకాల గురించి రాశావు. స్వెట్టరు గురించి కూడా రాశావు. ఆదివారాల గురించి ఒక్క ముక్క లేదు. బురద కిలో బరువు ఉందన్నావు. వంగిన చెట్టుకి మడమలు గీశానన్నావు. కింది అడవిలోంచి నడిచి, గేటు దగ్గరికి పోకుండా, తొట్టి ముట్టకుండా పైకి పోయావు. పదకొండుసార్లు. మొలకలు ఎక్కడ ఒరిగాయో నువ్వు రాయలేదు. నేను చెప్పనా? ఆ గోడ సందు దగ్గర.

నేను అడగడం లేదు. నువ్వు చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఈ ఉద్యోగం కోసం ఎన్ని పరీక్షలు రాశావో నాకు తెలుసు. ఎవరూ చూడలేదు. చూసింది ఈ కాగితాలే. రేపు వీటిని పొయ్యిలో పడేస్తాను. ఆ ముసలాయనకి ఎక్కడో ఇంకో గేటు దొరుకుతుంది. నీకు ఇంకోటి దొరకదు.

నా మాట విను. ఒక్కసారి నోరు మూసుకోవడం నీకు కష్టం కాదు కదా.

అక్క

*

పరిశోధన కేంద్రం
అక్టోబరు 2

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వు రాయకముందే ఆ పని చేస్తున్నాను. మూడు వారాలుగా నోరు మూసుకునే ఉన్నాను.

నేను అబద్ధం ఆడలేదు. ఆదివారం నేను పనికి పోవడం లేదు కదా అనుకున్నాను. తొట్టి, సంతకం, అవన్నీ పనివాళ్ళకి. సెలవు రోజు నేను ఎవరినీ కాను అనుకున్నాను. బోర్డింగులో కూడా అంతే కదా, గంట కొడితేనే నియమం. జబ్బుకి గంట తెలియదు. నాకు అది తెలిసి ఉండాల్సింది. రోజూ అదే మట్టిని సంచుల్లో నింపి పేరు రాసేది నేనే.

ఇప్పుడు బాబాయి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరి ముందూ బూట్లు కడుగుతున్నాడు. పైకి పోకపోయినా కడుగుతున్నాడు. నిన్న నన్ను పిలిచి "చూడమ్మాయీ, నువ్వు చదువుకున్నదానివి, ఇంకా ఎక్కడన్నా ఉందేమో చూసి చెప్పు" అని బూటు అడుగు తిప్పి చూపించాడు. ఏమీ లేదు. "లేదు బాబాయి" అన్నాను.

అది నిజమే. అందుకే అనగలిగాను.

పిల్లి

*

ప్రెస్సు వీధి
అక్టోబరు 9

పిల్లీ,

నీ పేరు ముందు "నీ" అని లేదు. అది కూడా పట్టుకున్నాను.

ఒక సంగతి చెప్పాలి. ఆగస్టులో రాసిన ఉత్తరంలో ఒక వాక్యం నేనూ వదిలేశాను.

నువ్వు బస్సెక్కిన రోజు నాలుగో తరగతి లెక్కల పుస్తకం ఆఖరి ప్రూఫు నా బల్ల మీద ఉంది. బస్టాండు నుంచి వచ్చి కూర్చున్నాను. అక్షరాలు కనిపిస్తున్నాయి గాని లోపలికి పోవడం లేదు. పదహారు పేజీలు చదవకుండానే సంతకం పెట్టాను. వాటిలో జవాబుల పట్టిక మొత్తం ఇంకో పాఠానిది. పుస్తకాలు బళ్ళకి పోయాక బయటపడింది. యజమాని వచ్చి "ఎవరి పని ఇది?" అని అరిచాడు. ప్రూఫు కాగితం అప్పటికే చిత్తులో పోయింది. నేను తల దించుకున్నాను. తల దించుకుంటే పని చేసుకుంటున్నట్టు కనిపిస్తుంది. కంపోజు మామయ్య కళ్ళజోడు ఈ మధ్యే మార్చాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కూడా తన చేతులు చూసుకుని, "నాదే అయ్యుంటుంది, కళ్ళు సరిగ్గా ఆనడం లేదు" అన్నాడు. నిజంగానే తనదే అనుకున్నాడు, పిల్లీ. ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. ఆ రోజు కూడా టీ తెచ్చుకుని నాకు సగం పోసి వెళ్ళాడు.

నా ఉద్యోగం ఉంది. కుర్చీలో కాగితాల కట్టలున్నాయి. మధ్యాహ్నం నేను టీ తాగడం మానేశాను.

నిన్ను కాపాడుతున్నానని కిందటి ఉత్తరం రాశాను. నాకు తోడు కావాలని రాశానేమో. ఈ పనిలో నువ్వు నాకు తోడు రావొద్దు.

నెలాఖరు ఎంతో దూరం లేదు.

అక్క

*

పరిశోధన కేంద్రం
అక్టోబరు 16

అక్కా,

చెప్పాను. నీ ఉత్తరం పొద్దున జీపులో వచ్చింది, పది గంటలకి చెప్పాను. ఆలస్యం చేస్తే చెప్పలేనని నాకు తెలుసు.

సారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను నాలుగు వాక్యాలు ముందే కూర్చుకుని పోయాను. రెండే బయటికి వచ్చాయి. అరుస్తాడనుకున్నాను. ఆయన బల్ల దగ్గరికి వచ్చి పటం పరిచాడు.

"ఏ దారి?"

చూపించాను.

"ఎన్నిసార్లు?"

"తొమ్మిదో పదో సార్."

"తొమ్మిదా, పదా?"

"పదకొండు," అన్నాను. నువ్వు లెక్కపెట్టావు కాబట్టి తెలుసు.

"వాన పడ్డాక ఎన్నిసార్లు? ఎక్కడ కూర్చున్నావు? ఎక్కడ ఆగావు? బూటు ఎక్కడ గీశావు?"

కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. ఆయన పెన్సిలు కింద పెట్టాడు. "గుర్తున్నంతలో చాలదమ్మా. తేదీలు తెలిస్తే, ఏ వానకి ఏ చోట అడుగు పడిందో తెలిస్తే, ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. లేకపోతే తోపు తోపంతా అనుమానమే. ఎక్కడైనా రాసిపెట్టావా?"

"మా అక్కకి రాశాను సార్."

"తెప్పించు," అన్నాడు. నా ఉద్యోగం గురించి ఏమీ అనలేదు. తర్వాత గేటు వైపు తనే నడిచి వెళ్ళాడు. బాబాయితో ఏమన్నాడో వినిపించలేదు. కిటికీలోంచి చూశాను. బాబాయి చేతిలో బ్రష్షు ఉంది. సారు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నా గది వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపు రాయడం నాకు చేతకాదు.

అక్కా, నువ్వు వాటిని పొయ్యిలో పడేస్తానన్నావు. పడేశావా? పడెయ్యకపోతే అన్నీ పంపు, తొందరగా. వచ్చే నెల మళ్ళీ వానలు మొదలైతే జబ్బు తోపులో ఇంకా కిందికి పాకుతుంది.

నీ
పిల్లి

*

ప్రెస్సు వీధి
అక్టోబరు 20

పిల్లీ,

పొయ్యి వెలిగించాను. డబ్బా మూత తీశాను. తర్వాత ఆ పొయ్యి మీద అన్నం వండుకున్నాను.

అన్నీ పంపుతున్నాను. జూన్, జూలై ఉత్తరాలు రెండు, చీటీలు ఆరు. తేదీల ప్రకారం అంకెలు వేశాను. నువ్వు కూర్చున్న చోటు, ఆగిన చోటు, వాన మాట వచ్చిన చోటల్లా అంచులో ఎర్రగుర్తు పెట్టాను. మీ సారు వెతుక్కోనక్కరలేదు. నువ్వు ఏడ్చానని రాసిన వాక్యాలు, నా వంట గురించినవి, ఆయన కాళ్ళ గురించినవి నల్ల సిరాతో కొట్టేశాను. రెండోసారి కూడా చూసుకున్నాను. ఈసారి చదవకుండా సంతకం పెట్టలేదు.

డబ్బా ఖాళీ అయింది. బిస్కట్లు కొనాలో వద్దో తేలడం లేదు.

మామయ్య అడ్రసు బైండింగు వాళ్ళ దగ్గర సంపాదించాను. ఒక ఉత్తరం మొదలుపెట్టాను. "గౌరవనీయులైన మామయ్యగారికి" దగ్గర ఉన్నాను. నాలుగు రోజులైంది.

అక్క

*

పరిశోధన కేంద్రం
డిసెంబరు 12

అక్కా,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం పని. ఈసారి నిజంగానే.

పదకొండు ఆదివారాలూ పటం మీద పెట్టాం. మొత్తం నాలుగు చోట్లు తేలాయి. మట్టి తీసి కాయలు తేలేశాం. మూడు చోట్ల మచ్చ వచ్చింది: గోడ సందు, వంగిన చెట్టు, రాయి పక్క. నాలుగో చోట రాలేదు. ఒక్కో చోట చుట్టూ ఇరవై అడుగుల మేర పిల్లచెట్లన్నీ వేళ్ళతో సహా తీసి కాల్చెయ్యాలి, చుట్టూ కందకం తవ్వాలి. తీసే పని నేను అడిగి తీసుకున్నాను. లెక్క కూడా నేనే రాశాను. మూడు వందల నలభై ఆరు. వాటిలో పంతొమ్మిది నా ఎత్తువి. జబ్బు లేనివి కూడా ఉండి ఉంటాయి, ఏరడానికి వీల్లేదు.

మిగతా తోపు బాగానే ఉంది. "ఇప్పటికి" అన్నాడు సారు. మూడేళ్ళు చూస్తే గాని చెప్పలేడట. నేను అడగకుండానే ఇంకో మాట కూడా అన్నాడు. "నీ వల్లే వచ్చిందని నేను రిపోర్టులో రాయలేను. వాననీళ్ళ వల్ల కాదనీ రాయలేను. ఉత్తరాలు ఉన్నాయి కాబట్టి మూడు చోట్ల ఆగింది. అది మాత్రం రాస్తాను." అదే నా తప్పని తేలితే ఒక రకంగా తేలికగా ఉండేది. తేలలేదు. రెండు చేతులతో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఉత్తరాలు తిరిగి ఇస్తూ "నాలుగో చీటీలో ఒక గీత సరిగ్గా పడలేదని మీ అక్కగారికి చెప్పు" అన్నాడు. భూమిలోకి దిగిపోయాననుకో. "మా ఇంట్లోనూ అదే అంటారులే" అన్నాడు. ఆ రోజంతా రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు. అన్నీ ఈ కవరులోనే పంపుతున్నాను, డబ్బాలో పెట్టుకో. నీ ఎర్రగుర్తుల పక్కన ఇప్పుడు ఆయన పెన్సిలు గుర్తులు కూడా ఉంటాయి. మామయ్యకి రాసిన ఉత్తరం ఎంతవరకు వచ్చింది?

నన్ను తీసెయ్యలేదు. లెక్కల పని మాత్రం ఏడాది పాటు వేరే అమ్మాయికి ఇచ్చారు. నన్ను గేటు దగ్గర వేశారు. వచ్చేవాళ్ళ బూట్లు గీకడం, మందునీళ్ళు మార్చడం, రిజిస్టరు చూడడం. గోడ సందు మూసేశారు. ఆదివారాలు కూడా గేటు దగ్గరే ఉంటున్నాను, ఎవరూ చెప్పలేదు. నా చేతులు కూడా పగలడం మొదలైంది.

బాబాయిని ఉంచారు. గది కూడా ఉంది. అక్టోబరు పదహారు నుంచి నాతో మాట్లాడలేదు. క్షమించమని రెండుసార్లు అడిగాను. మొదటిసారి వినపడనట్టు రేడియో తిప్పుకున్నాడు. రెండోసారి రేడియో కూడా ముట్టుకోలేదు. తప్పు చేసినందుకు కాదు ఆ కోపం. బూటు అడుగు తిప్పి చూపించినప్పుడు నేను వంగి చూశానే, దానికి. ఒకే తొట్టికి అటు ఆయన, ఇటు నేను. రోజంతా కూర్చుంటాం. మాట్లాడకుండా ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటనుకున్నాను. అది నేను మాట్లాడకుండా ఉండడం. ఇది వేరు.

రోజూ పొద్దున పైకి పోయేముందు ఆయన తొట్టి ముందు ఆగి కాలు చాపుతాడు. తన బూటు తనే కడుక్కోగలడు, పంతొమ్మిదేళ్ళు కడుక్కున్నాడు. అయినా చాపుతాడు, ఎటో చూస్తూ. నేను గీకుతాను, కడుగుతాను, "అయింది బాబాయి" అంటాను. కాలు తీసుకుని సంతకం పెట్టి వెళ్ళిపోతాడు.

ఈవేళ కూడా "అయింది బాబాయి" అన్నాను. కాలు తియ్యలేదు. తలెత్తి చూశాను. ఆయన ఎటో చూడడం లేదు, బూటు వైపు చూస్తున్నాడు.

"మడమ కింద ఇంకా ఉంది," అన్నాడు.

నిజంగానే ఉంది, కుట్టు సందులో చిన్న పెచ్చు. పుల్ల వెతికి తీశాను. తీసేదాకా ఆగాడు.

నీ
పిల్లి